ఒక్క రాత్రి షేకులు

వేషం వేరు, బట్ట వేరు. వేషం కట్టినవాడికి దాన్ని ఎప్పుడు విప్పాలో తెలుసు. బట్ట కట్టుకున్నవాడు దాన్ని మార్చుకోగలడు గానీ, విప్పేసి ఇంకో మనిషి కాలేడు. చెప్పుకోడానికి ఇది చాలా తేలికైన తేడా. బతుకులో మాత్రం అంత తేలిగ్గా నిలవదు. ఒకడి బట్ట ఇంకొకడికి వేషమవుతుంది. వేషంగా కట్టినప్పుడు చప్పట్లు కొట్టిన చేతులే, అదే బట్ట మామూలుగా కట్టుకున్న మనిషి ఎదురైతే సంచీ దగ్గరికి లాక్కుంటాయి, పక్కకు జరిగి కూర్చుంటాయి. ఈ సంగతి మేం పుస్తకాలు చదివి తెలుసుకోలేదు. టోపీ పెట్టుకుని బస్సెక్కిన ప్రతి సాయిబుకీ తెలుసు. బుర్ఖా వేసుకుని ఉద్యోగపు ఇంటర్వ్యూకి వెళ్ళిన ప్రతి ఆడపిల్లకీ తెలుసు.

మరి ఇతరుల బట్ట ఎవరూ వేషంగా కట్టకూడదా? అలా అంటే మన ఊళ్ళకే అన్యాయం చేసినట్టవుతుంది. పగటివేషగాళ్ళు ఊళ్ళోకి దిగితే రోజుకో వేషం. ఒకరోజు సోమయాజులు, సోమిదేవమ్మ అయి బాపన వీధిని ఆటపట్టించేవాళ్ళు. ఇంకోరోజు ఫకీరై వచ్చి మమ్మల్ని ఆటపట్టించేవాళ్ళు. ఆఖరి రోజు వేషం లేకుండా వచ్చి ఇంటింటా బియ్యమో డబ్బో పుచ్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆ ఎగతాళిలో ఒక న్యాయం ఉంది. ఎవర్నీ వదిలేవాళ్ళు కాదు, ఎవర్నీ ఒంటరి చేసేవాళ్ళూ కాదు.

పీర్ల పండుగ సంగతి ఇంకా వేరు. బిడ్డకు జబ్బు తగ్గాలని మొక్కుకున్న కాపు, గొల్ల, మాదిగ తల్లులు బిడ్డల్ని మొహర్రం పదిరోజులకి ఫకీర్లను చేసేవాళ్ళు. మెడలో దారం, చేతిలో జోలె, నోట్లో హసన్ హుసేన్ పేర్లు. పెద్దవాళ్ళు పులివేషం కట్టి ఆడేవాళ్ళు. పీర్ల ముందు మలీదా పెట్టేవాళ్ళు. తెలంగాణలో, రాయలసీమలో చాలా పల్లెల్లో ఈనాటికీ ఇది ఉంది. అక్కడ ఫకీరు వేషం కడితే అది ఎగతాళి కాదు, బాకీ తీర్చుకోవడం. కట్టినవాడికి ఆ వేషం మీద భయభక్తులుంటాయి.

కాబట్టి ప్రశ్న ఇతరుల బట్ట కట్టొచ్చా లేదా అన్నది కాదు. ఆ బట్ట ఎవరిదో ఆ మనిషికి ఆ సంబరంలో చోటుందా, సంబరం అయ్యాక ఆయనకి ఏం మిగులుతుంది అన్నది ప్రశ్న. ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది మాలో మాకు. ఆ బట్ట మాదైనప్పుడు, ఆ సంబరంలో మేం మనసారా నవ్వొచ్చా? నవ్వితే మమ్మల్ని మేం అమ్ముకున్నట్టా? నవ్వకపోతే మామీద ఉన్న ముద్రకి మేమే సంతకం పెట్టినట్టా?

ఇది గాలిలో లేచిన ప్రశ్న కాదు. ఓడ మీద లేచింది.

*

2023 వేసవి సెలవుల్లో మా కుటుంబం పదకొండు మందిమి చెన్నై రేవులో ఒక విహార నౌక ఎక్కాం. శ్రీలంక రేవులు చూపించి మళ్ళీ చెన్నైకి తెచ్చి దింపే ఓడ. ఖర్చు మా తమ్ముడిది. పద్దెనిమిదేళ్ళు దమ్మాంలో ఏసీ మెకానిక్‌గా చేసి తిరిగొచ్చినవాడు. రిటైరైన ఉర్దూ మీడియం టీచరు మా అబ్బా, బజారు దాటితే బంధువుల పెళ్ళిళ్ళు తప్ప ఎరగని మా అమ్మీ, వాళ్ళిద్దరికీ సముద్రం మధ్యలో సూర్యోదయం చూపించాలని వాడి కోరిక.

మధ్యతరగతి సాయిబులకి ఇదొక వింత అనుకునేవాళ్ళకి ఒక మాట. ఓడ మాకు కొత్త కాదు. ఓడలో సుఖం కొత్త. తెలుగులో సముద్రానికి సంబంధించిన మాటలే చూడండి. ఓడని ఆపే లంగరు, పడవ నడిపే సరంగు, రేవులో బరువులెత్తే కళాసీ, అసలు రేవునే పిలిచే బందరు, ఇవన్నీ పార్శీ, అరబీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి దిగిన మాటలే. మచిలీపట్నాన్ని ఈనాటికీ బందరనే అంటున్నాం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రేవు నుంచి పర్షియాకి, ఎర్రసముద్రానికి ఓడలు పోయేవి. తర్వాత ఇంగ్లీషు వాళ్ళ ఆవిరి ఓడల కింద గదుల్లో బొగ్గు ఎగదోసిన లష్కర్లలో చాలామంది పేద ముస్లింలే. కోస్తా నుంచి రంగం పోయిన తెలుగు కూలీలు, సాయిబులతో సహా, డెక్కు మీద పడుకుని పోయినవాళ్ళే. మా తాతలు ఓడల్లో చెమటోడ్చారు. మేం అందులో భోజనానికి కూర్చున్నాం. చరిత్ర ఎప్పుడైనా ఇలా కూడా తిరుగుతుంది. అందుకు సిగ్గుపడాల్సిన పనేముంది?

రెండోరోజు పొద్దున గదిలోకి ఒక చీటీ వచ్చింది. ఆ రాత్రి విందు, ఆ తర్వాత డెక్కు మీద ఆటాపాటా, అంతా 'అరేబియన్ నైట్స్' పద్ధతిలో. అందుకు తగ్గ దుస్తుల్లో రావలసిందని మనవి. ఉత్తమ షేకుకి, ఉత్తమ రాకుమారికి బహుమతులు.

చీటీ చదివి పిల్లలు ఎగిరి గంతేశారు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా తమ్ముడి కూతురు మాత్రం దాన్ని మడిచి బల్ల మీద పెట్టేసింది. హిజాబ్ కట్టుకునే పిల్ల. "మనం పోతే మనకి వేరే వేషం అక్కర్లేదు లెండి, దాదా" అంది అబ్బాతో.

ఆ మాటలో ఉన్న చేదు ఎక్కడిదో మాకు తెలుసు. 2022 జనవరి, ఫిబ్రవరిల్లో కర్ణాటకలో తన ఈడు ఆడపిల్లలు హిజాబ్ కట్టుకున్నారని కాలేజీ గేటు బయట నిలబడిపోవడం ఆ పిల్ల టీవీలో చూసింది. ఆ మార్చి 15న హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు చెప్పారు. తరగతి గదికి అడ్డమైన గుడ్డ, ఓడ మీద బహుమతికి అర్హమైంది. పందొమ్మిదేళ్ళ పిల్ల ఈ రెంటినీ ఒక్క బుర్రలో ఎలా పెట్టుకోవాలి?

*

విందు గది ద్వారానికి అట్టముక్కలతో గుమ్మటాలు కట్టారు. రంగుగాజుల దీపాలు వేలాడదీశారు. మూలకి రెండు కార్డుబోర్డు ఒంటెలు. వడ్డించే కుర్రాళ్ళకి ఎర్ర రూమీ టోపీలు. ఆ టోపీని టర్కీలో 1925లోనే చట్టం చేసి నిషేధించారు. హైదరాబాద్‌లో నిజాం కాలంలో అది షేర్వానీతో పాటు హిందూ అధికారుల తల మీద కూడా కూర్చుంది. ఆ సంగతి ఆ కుర్రాళ్ళకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. బల్లల మీద హమ్మస్, ఫలాఫెల్, షవర్మా, బక్లావా. వాటి పక్కనే, అరేబియాకి దాని సంబంధం ఏమిటో గానీ, హైదరాబాదీ బిర్యానీ. పిల్లలు అరేబియా అంతా వదిలేసి బిర్యానీ మీద పడ్డారు. అమ్మీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "నక్కో, దమ్ నై హువా" అని తేల్చేసింది. దమ్ సరిగ్గా పడలేదన్నమాట. ఇంతకంటే ఖరీదైన ఓడలోనైనా అమ్మీ తీర్పు ఇంతే.

భోజనం దగ్గర ఒక చిన్న విషయం గమనించాం. మా పక్క బల్ల వాళ్ళు జైనులు. ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేని వంట కావాలని వడ్డించేవాణ్ణి గట్టిగా, ధీమాగా అడిగారు. అతను అంతే మామూలుగా తెచ్చిపెట్టాడు. మేం మాంసం హలాలేనా అని అడిగేటప్పుడు గొంతు తగ్గించాం. తగ్గించమని ఎవరూ అనలేదు. అతను కూడా, అవునండీ హలాలే అని మామూలుగానే చెప్పాడు. గొంతు దానంతటదే తగ్గింది. అంతకు ముందు సంవత్సరం ఉగాది ముందు కర్ణాటకలో హలాల్ మాంసం కొనొద్దని ఊరూరా ప్రచారం సాగింది. రాజకీయం వీధిలో అరిచిన అరుపు మనిషి గొంతులో గుసగుసగా దిగుతుంది. ఎంత సముద్రం మధ్యకి పోయినా ఆ గుసగుస మనతోనే ప్రయాణం చేస్తుంది.

అబ్బా ఆ రాత్రి తన నల్ల షేర్వానీ వేసుకున్నారు. విందు కదా అని. తల మీద మామూలుగా పెట్టుకునే టోపీ. తెల్లగడ్డం ఎలాగూ ఉంది. ఒకమ్మాయి దగ్గరికొచ్చి చాలా మర్యాదగా, "అంకుల్, ఈ కాస్ట్యూమ్ ఎక్కడ అద్దెకి తీసుకున్నారు? భలే సహజంగా ఉంది" అంది.

అబ్బా నవ్వారు. "అద్దెది కాదమ్మా, సొంతమే. నా పెళ్ళి రిజిస్టర్లో సంతకం పెట్టింది ఈ షేర్వానీలోనే."

ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది. ఆ తర్వాత తనే కుర్చీ లాక్కుని కూర్చుని షేర్వానీ గుండీల గురించి, పెళ్ళి గురించి అరగంట అడిగింది. వాళ్ళన్నయ్య పెళ్ళికి కూడా షేర్వానీయే కుట్టించారట. హిందూ పెళ్ళికొడుకులు షేర్వానీ వేసుకోవడం ఇప్పుడు మామూలే. అది మాకు సంతోషమే. బట్ట చేతులు మారుతూ ఉండాలి, అప్పుడే అది బతుకుతుంది. మా బాధంతా ఒక్కటే. షేర్వానీ అందరి ఇంటికీ వెళ్ళింది, దాన్ని కుట్టిన దర్జీకి మాత్రం కొన్ని వీధుల్లో ఇల్లు అద్దెకి దొరకదు.

*

డెక్కు మీద పాటలు మొదలయ్యాయి. తువ్వాళ్ళు తలకి చుట్టుకుని, కాటుకతో గడ్డాలు దిద్దుకుని ఒక ముప్పై మంది షేకులు తయారయ్యారు. వేదిక మీద మైకు పట్టుకున్న కుర్రాడు ఉత్తమ షేకు ఎవరని అరుస్తున్నాడు. మా పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పడీపడీ నవ్వారు. మా ఆధార్ కార్డుల మీద, రేషను కార్డుల మీద, స్కూలు రిజిస్టర్లలో ఇంటిపేరే షేక్. ముప్పై మంది వేషపు షేకులు వేదిక మీద. పదకొండు మంది అసలు షేకులు కుర్చీల్లో.

ఇక్కడే ఆలోచించాల్సింది ఉంది. వేదిక మీది షేకు ఎవరు? నూనె బావులవాడు, అంతఃపురంవాడు, వజ్రాలు విసిరేవాడు. కుర్చీల్లోని షేకు ఎవరు? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెనుకబడిన ముస్లింలకు నాలుగు శాతం రిజర్వేషన్ ఇస్తూ చట్టం చేసింది. ఆ చట్టపు జాబితా ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, చాకలి ముస్లింలు, ఫకీర్లు, గారడీ సాయిబులు, పాములవాళ్ళు, ఎలుగుబంట్లు ఆడించేవాళ్ళు, హజాం, ఖురేషీలు, తురక కాశలు, సిద్దీలు. వాళ్ళతో పాటు ఆ జాబితాలోనే షేక్ కూడా ఉన్నాడు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్బు వంటివాళ్ళని అందులోంచి మినహాయించారు. అంటే ఈ గడ్డ మీద షేకు అంటే ప్రభుత్వం లెక్క ప్రకారమే వెనుకబడినవాడు. 2006లో సచార్ కమిటీ ఇచ్చిన లెక్కలు ఇంకా పెద్దవి. 2001 జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఏ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం. అరేబియన్ రాత్రిలో మాకు సింహాసనాలే. పగలు మాకు గుమాస్తా కుర్చీ కూడా కష్టం.

'నవాబులు', 'సుల్తానులు', 'షేకులు', ఇవి మామీద వేసిన వేషాలే. మమ్మల్ని ద్వేషించేవాళ్ళకీ అవే కావాలి, మీ నవాబులు మమ్మల్ని ఏలారు అని నిలదీయడానికి. మమ్మల్ని ప్రేమించేవాళ్ళకీ అవే కావాలి, మీ తహజీబ్ ఎంత గొప్పది అని మెచ్చుకోడానికి. దూది ఏకినవాడి వేషం ఏ ఓడ మీదా కట్టరు. బీడీలు చుట్టే ఖాలా వేషానికి బహుమతి ఉండదు. రిక్షా తొక్కిన సాయిబు వేషం వేస్తే డాన్సు ఎలా కుదురుతుంది?

ఈ మాట తట్టాక మాకు ఒక విచిత్రమైన తేలిక కలిగింది. వేదిక మీది షేకు మా తాత కాదు. ఆ వేషం వాళ్ళకి ఎంత వేషమో మాకూ అంతే వేషం. అలాంటప్పుడు మా బట్టని ఎగతాళి చేస్తున్నారని మేం ఉలిక్కిపడాల్సిందేముంది? ఆ తువ్వాలు కట్టుకునే హక్కు రాజమండ్రి నుంచి వచ్చిన పెద్దమనిషికి ఎంతుందో మాకూ అంతే ఉంది.

అరేబియన్ నైట్స్ అన్న సరుకే చూడండి. కథలు చెప్పే షహ్రజాద్ పేరు పార్శీ. లోపలి కథల్లో భారతదేశం నుంచి పోయినవి ఉన్నాయి. ఆంటోయిన్ గలాఁ అనే ఫ్రెంచివాడు 1704 నుంచి వాటిని ఫ్రెంచిలో అచ్చువేశాడు. అందరికీ తెలిసిన అల్లావుద్దీన్, ఆలీబాబా కథలు ఆ పాత అరబీ ప్రతుల్లో లేవు. 1709లో పారిస్‌లో హన్నా దియాబ్ అనే అలెప్పో క్రైస్తవుడు గలాఁకి చెప్పిన కథలవి. అల్లావుద్దీన్ ఉన్నది కథలో చైనాలో. ఆ చైనా కుర్రాణ్ణి 1957లో అక్కినేని తెలుగువాణ్ణి చేశాడు. ఎన్.టి.ఆర్. 1968లో బాగ్దాద్ గజదొంగ అయ్యాడు, 1970లో ఆలీబాబా అయ్యాడు. ఆ సినిమాలకి నేల టికెట్టులో మా మొహల్లా మొత్తం ఈలలు వేసింది. ఇన్ని చేతులు మారిన బట్టని ఇది మాది, ముట్టుకోవద్దు అనడం మాకు చేతకాదు.

అయితే ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం' పుస్తకంలో చేసిన వాదం కూడా మరిచిపోలేం. తూర్పు దేశాల్ని అంతఃపురాలుగా, మాయదీపాలుగా చూపించడం వాటిని ఏలడానికి పనికొచ్చింది. కథని కథగా చూడ్డం వేరు, కథలోని మనిషిని వీధిలోని మనిషి మొహానికి అతికించడం వేరు. ఆ అతుకు ఎక్కడ పడుతుందో కనిపెట్టడమే మన పని. కథని తగలబెట్టడం కాదు.

*

ఆ రాత్రి అందరికంటే ఎక్కువ ఆడింది మా తమ్ముడు. వాడికి తెలిసిన అరబ్బు రాత్రులు వేరు. కూలీల క్యాంపులో ఒక్క గదిలో ఎనిమిది మంది, మంచాల మీద మంచాలు. ఆ గదిలో జగిత్యాల రెడ్డి, నిజామాబాద్ పద్మశాలి, కడప పఠాన్ ఒకే గిన్నెలో పప్పు వండుకున్నారు. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండేది. అమ్మీకి ఆపరేషన్ అయినప్పుడు సెలవు దొరక్క వాడు బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాడట, తోటివాళ్ళకి వినపడకుండా. షేకుల్ని వాడు కిందనుంచి చూశాడు, నిచ్చెన పట్టుకుని, వాళ్ళ ఏసీలు బాగుచేస్తూ.

వాడికి కోపం రావాలి కదా, ఈ కాటుక గడ్డాలు చూస్తే? వాడు తువ్వాలు తలకి చుట్టుకున్నాడు, దాని మీద పిల్లల నల్ల రబ్బరు బాండు పెట్టుకున్నాడు. "పద్దెనిమిదేళ్ళు షేకుల దగ్గర పనిచేశాను అబ్బా. ఒక్క రాత్రి షేకునవుతాను" అని వేదిక ఎక్కేశాడు.

చప్పట్లు కొట్టినవాళ్ళెవరికీ ఆ మాట తెలీదు. మా బల్ల దగ్గర మాత్రం అమ్మీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, నవ్వుతూనే. ఆ పిల్ల, వాడి కూతురు, మొదటిసారి లేచి నిలబడింది. తండ్రిని అలా ఎగురుతుండగా తనెప్పుడూ చూడలేదు. తను పుట్టి పెరుగుతున్న ఏళ్ళన్నీ ఆయన ఫోనులోనే ఉన్నాడు. హిజాబ్ కట్టుకున్న పిల్ల ఆ డెక్కు మీద తండ్రి పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరి వేషంగానూ కాదు, కూతురిగా.

ఉత్తమ షేకు బహుమతి రాజమండ్రి పెద్దమనిషికే వచ్చింది. న్యాయంగానే వచ్చింది. వేదిక ఎక్కేముందు ఆయన అబ్బా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, ఈ తలపాగా ఊడిపోతోంది, కాస్త చూడండి" అన్నాడు. అబ్బా విప్పి, మడతలు సరిచేసి, గట్టిగా కట్టిచ్చారు. ఆ ఇద్దరు ముసలివాళ్ళ మధ్య ఆ రెండు నిమిషాల్లో మతసామరస్యం మీద ఉపన్యాసాలేమీ జరగలేదు. తలపాగా నిలిచింది, అంతే. తనకు రానిదాన్ని వచ్చినవాణ్ణి అడిగి నేర్చుకోవడంలో ఒక మర్యాద ఉంది. ఆ మర్యాద ఉన్నచోట వేషం ఎవరినీ గాయపరచదు.

*

తిరిగొచ్చాక మా మొహల్లాలో ఇంకో విచారణ మొదలైంది. పాటలు, ఆటలు, ఒక మూల సారా అమ్మే ఓడ. అక్కడికి ఆడవాళ్ళతో సహా వెళ్ళడం జాయెజేనా? మేం ఫత్వా ఇచ్చేవాళ్ళం కాదు. తాగలేదు, తాగేవాళ్ళని తిట్టనూ లేదు. ఇషా నమాజు వేళకి ఒక కళాసీని పడమర ఎటని అడిగి అబ్బా డెక్కు వెనక భాగంలో చాప పరిచారు. పాట వినపడుతూనే ఉంది. నమాజూ జరిగింది.

దీనులో ఆనందానికి చోటు లేదనేవాళ్ళకి ఒక ప్రసిద్ధమైన హదీసు గుర్తుచేస్తాం. ఈద్ రోజున హబషీలు మస్జిద్‌లో బల్లేలతో ఆటాడుతుంటే ప్రవక్త వాళ్ళని ఆపలేదు, బీబీ ఆయిషాకి తృప్తి తీరేదాకా చూపించారు. ఇమాం గజాలీ సంగీతం గురించి ఒక అధ్యాయమే రాసి, అన్ని పాటల్నీ ఒకే గాటన కట్టలేదు. వినేవాడి మనసు, వినే చోటు, దాని ఫలితం చూసి తేల్చాలన్నాడు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఆలిముకి ఉన్న ఓపిక మా వీధి పెద్దలకి ఎందుకు లేదు? బయటివాళ్ళ అనుమానాల మధ్య బతికి బతికి, మాలో కొందరికి నవ్వు కూడా ద్రోహంలా కనిపిస్తోంది. బిగుసుకుపోవడమే భక్తి అనుకుంటున్నారు.

అటు లౌకికవాద మిత్రులు కొందరున్నారు. వాళ్ళది ఇంకో రకం చిక్కు. హిజాబ్ పిల్ల డెక్కు మీద చప్పట్లు కొట్టిందంటే, 'చూశారా, మారుతున్నారు' అని సంబరపడతారు. ఆ పిల్ల ఏమీ మారలేదు. మర్నాడూ హిజాబ్‌తోనే సూర్యోదయం చూసింది. మా సంతోషం మా ప్రగతికి సర్టిఫికెట్ కాదు. మా బాధ మా అర్హతకి సర్టిఫికెట్ కాదు. ఏడిస్తేనే నమ్మేవాళ్ళూ, నవ్వితేనే మెచ్చుకునేవాళ్ళూ, ఇద్దరూ మమ్మల్ని వేదిక మీదే ఉంచుతున్నారు. కుర్చీలో కూర్చుని చూసే హక్కు మాకు ఎప్పుడిస్తారు?

ఆ ఓడ మీద మూడోరాత్రి అందరూ తెల్లబట్టల్లో రావాలన్నారు. అబ్బాకి వాళ్ళ నాన్న గుర్తొచ్చారు. 1960ల్లో ఆయన బొంబాయి నుంచి జిద్దాకి హజ్ ఓడలో వెళ్ళారు. 1995 దాకా ఆ ఓడలు నడిచాయి. ముసాఫిర్‌ఖానాలో ఎదురుచూపులు, డెక్కు మీద పడక, వాంతులు, ఉప్పుగాలి. యలమ్‌లమ్ ఎదురుగా ఓడ రాగానే మగవాళ్ళందరూ కుట్టని రెండు తెల్లగుడ్డలు కట్టుకునేవాళ్ళు. దాన్ని ఇహ్రామ్ అంటారు. అది కట్టాక జాగీర్దారూ లేడు, దూదేకులవాడూ లేడు. వేషం మనిషిని ఇంకొకణ్ణి చేస్తుంది. ఇహ్రామ్ మనిషిని ఎవరూ కానివాణ్ణి చేస్తుంది. మనిషికి ఈ రెండూ కావాలేమో. తను కానిదాన్ని ఒక రాత్రి అయి చూడాలి. తను అనుకున్నదంతా విప్పి ఒకసారి నిలబడాలి. ఈ రెండింటికీ మధ్య మిగిలిన రోజులన్నీ మామూలు బట్టల్లో, మామూలు మనిషిగా బతకనివ్వాలి. మాకు కరువైంది ఆ మధ్యలోదే.

2023 జూలై 31న జైపూర్ నుంచి ముంబయి పోతున్న రైల్లో రైల్వే రక్షణ దళ కానిస్టేబులు ఒకడు కాల్పులు జరిపాడు. అతని పై అధికారి, ముగ్గురు ముస్లిం ప్రయాణికులు చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ మనిషి. ఆ తర్వాత మేం రైలెక్కినప్పుడు అమ్మీ స్టేషను మెట్ల మీదే ఆగి, "సునో జీ, టోపీ జేబులో పెట్టుకోండి" అంది. యాభై ఏళ్ళ కాపురంలో అమ్మీ అలాంటి మాట అనడం అదే మొదలు. అబ్బా ఏమీ మాట్లాడలేదు. టోపీ తీసి, నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు. డెక్కు మీద భలే సహజంగా ఉందనిపించుకున్న టోపీ అదే.

అందుకే మేం విందుల మీద, వేషాల మీద పోట్లాడదలుచుకోలేదు. మా వాళ్ళకి చెప్పేది ఒకటే. మనకి నవ్వొచ్చిన చోట నవ్వుదాం. నవ్వు మీద కూడా కర్ఫ్యూ పెట్టుకుంటే ఇక మనకి మిగిలేదేమిటి? తక్కిన మిత్రులకి చెప్పేదీ ఒకటే. షేర్వానీలు కుట్టించుకోండి, తలపాగాలు చుట్టుకోండి, బిర్యానీకి దమ్ ఎలా పెట్టాలో అమ్మీని అడగండి, చెబుతుంది. తెల్లవారాక అదే బట్ట కట్టుకున్న మనిషి రైల్లో మీ పక్కకొస్తే, జేబులోని టోపీ తీసి తల మీద పెట్టుకునేంత ధైర్యం ఆయనకి కలిగేలా, కాస్త జరిగి చోటివ్వండి.